బ్యూలాకు నేనిచ్చిన సలహా

ఏడేళ్లుగా ఒక విషయం మోస్తున్నాను. పైకి ఏమీ తెలియదు. క్లినిక్‌కి వెళ్తాను, పిల్లల గొంతులు చూస్తాను, టీకాలు రాస్తాను, ఆదివారం చర్చిలో పాటలు పాడతాను. కానీ ఎవరైనా చెయ్యి పట్టుకుని "మీరు చాలా మంచివారండీ" అన్నారా, ఇక అక్కడ నిలబడలేను. ఏదో పని గుర్తొచ్చినట్టు పక్కకు వెళ్లిపోతాను. నా పేరు చెప్పను. ఆ ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది అమెరికాలో అట్లాంటా పక్కనున్న అల్ఫారెట్టా. నేను పిల్లల డాక్టర్ని. ఈ దేశం వచ్చిన కొత్తలో ఆసుపత్రిలో రెసిడెన్సీ శిక్షణ చేస్తూ ఇంటి ముఖం చూడలేని రోజుల్లో మా అమ్మాయి నిస్సీని పెంచింది సుగుణక్క. మా తెలుగు చర్చి మనిషి. తన కూతురు బ్యూలాతో పాటు నిస్సీకీ అన్నం కలిపి పెట్టింది, జడలు వేసింది, జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకుంది. పిల్లలిద్దరిదీ ఒకే ఈడు. ఇద్దరూ డాక్టర్లవుతామన్నారు. ఒకే ఏడాది మెడికల్ స్కూళ్లకు అప్లై చేశారు. ఇద్దరికీ ఒకే స్కూల్ నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. బ్యూలాకు వచ్చిన పిలుపు అదొక్కటే.

అంతకుముందు నాలుగేళ్లు నేను వేరే మెడికల్ స్కూల్లో అభ్యర్థులను ఇంటర్వ్యూ చేశాను. ఆ సంగతి చర్చిలో అందరికీ తెలుసు. సుగుణక్క ఫోన్ చేసింది.

"చెల్లీ, మా పిల్లను ఒకసారి కూర్చోబెట్టి ప్రశ్నలడగవా? కాలేజీలో ఒక సెమిస్టర్ బాగా దెబ్బతింది దానికి. అది అడిగితే ఏం చెప్పాలో తెలీక హడలిపోతోంది."

రమ్మన్నాను. మనస్ఫూర్తిగానే రమ్మన్నాను. ఈ ఒక్క వాక్యం నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. మనస్ఫూర్తిగానే రమ్మన్నాను. నిజమే. ఆ తర్వాతదే కదా అసలు సంగతి.

శనివారం మధ్యాహ్నం బ్యూలా వచ్చింది. డైనింగ్ టేబుల్ దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం. అంతకు రెండు రోజుల ముందు అదే కుర్చీలో నిస్సీ కూర్చుంది. నిస్సీ అప్లికేషన్‌లోనూ ఒక లోటు ఉంది. ఒక రీసెర్చ్ ల్యాబ్‌లో చేరి సగంలో మానేసింది. ఎందుకు మానేశావని అడిగితే బట్టీపట్టిన జవాబు చెప్పింది. ఐదుసార్లు దిద్దాను. ఐదుసార్లూ మాటలు మారాయి గానీ అందులోకి ప్రాణం రాలేదు.

బ్యూలాను అడిగాను. సెకండియర్‌లో ఆర్గానిక్ కెమిస్ట్రీలో 'డి' వచ్చింది, ఇంకో రెండు కోర్సులు మధ్యలో వదిలేశావు, ఏం జరిగింది?

ఆ పిల్ల కాసేపు చేతులు చూసుకుంది. తర్వాత ఇంగ్లీషులో, నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. నాకు జబ్బు చేయలేదు. ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. మొదటి పరీక్ష తప్పాను. జీవితంలో ఎప్పుడూ తప్పలేదు. సిగ్గేసింది. ప్రొఫెసర్ పంపిన మెయిల్ తెరవలేదు. క్లాసుకి వెళ్లడం మానేశాను. ఏడు వారాలు అమ్మకు ఫోన్‌లో అంతా బాగుందని చెప్పాను. అప్పట్లో వారానికి రెండు రోజులు ఒక వృద్ధుల ఆశ్రమంలో వాలంటీర్‌గా చేస్తుండేదాన్ని. అక్కడొక పెద్దావిడకు మింగడం కష్టమైంది. నర్సులకు చెప్పకుండా అన్నం నాప్‌కిన్‌లో ఉమ్మి దాచేది. చివరకు తిండి ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వచ్చి ఆసుపత్రి పాలైంది. ఎందుకు చెప్పలేదని అడిగితే, సిగ్గేసిందమ్మా అంది. మర్నాడు పొద్దున్నే ప్రొఫెసర్ ఆఫీసు ముందు నిలబడ్డాను. మరుసటి ఏడాది అదే కోర్సు మళ్లీ తీసుకుని 'ఎ' తెచ్చుకున్నాను. ఇప్పుడు ఏ పేషెంటైనా అంతా బాగుందంటే, నేను ఇంకో ప్రశ్న అడుగుతాను.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మంచినీళ్లు తెస్తానని లేచి వంటగదిలోకి వెళ్లాను. నాలుగేళ్లలో వందమందికి పైగా పిల్లలను ఇదే ప్రశ్న అడిగి ఉంటాను. ఇలాంటి జవాబు ఒక్కరూ చెప్పలేదు. ఎవరి మీదా నెపం పెట్టలేదు. తప్పును తప్పన్నది. ఏం మారిందో చూపించింది. ఆ ఇంటర్వ్యూ గదిలో నేనే ఉండి ఉంటే పూర్తి మార్కులు వేసేదాన్ని. అది నాకు తెలుసు. నల్లా తిప్పాను. గ్లాసు నిండి పొర్లింది. నిస్సీ జవాబు చెవిలో మోగింది.

తిరిగి వచ్చి కూర్చున్నాను.

"ఇది చెప్పకమ్మా" అన్నాను.

"ఎందుకు ఆంటీ? బ్యాడ్‌గా ఉందా?"

"మరీ పర్సనల్‌గా ఉంది. మెంటల్‌గా వీక్ అనుకుంటారు. పైగా పేషెంట్ గురించి బయట మాట్లాడకూడదు."

"నేను ఆమె పేరు చెప్పట్లేదు కదా."

"అయినా సరే. కోర్సులు ఎక్కువ తీసుకున్నాను, టైమ్ మేనేజ్ చేసుకోలేకపోయాను, ఇప్పుడు నేర్చుకున్నాను అని చెప్పు. అంతే. చిన్నగా."

"బట్ అది ట్రూ కాదు ఆంటీ."

"నిజాలన్నీ చెప్పేస్తామా? నేను ఇంటర్వ్యూ చేసే కుర్చీలో కూర్చున్నదాన్ని బ్యూలా. నన్ను నమ్ము."

నమ్మింది. పుస్తకం తీసి రాసుకుంది. వెళ్లేముందు నన్ను గట్టిగా హత్తుకుంది.

ఇంటర్వ్యూ అయ్యాక ఫోన్ చేసింది. "మీరు చెప్పినట్టే చెప్పాను ఆంటీ. ఆయన ఓకే అని నెక్స్ట్ క్వశ్చన్‌కి వెళ్లిపోయారు." ఆ ఓకేకి అర్థం నాకు తెలుసు: ఇందులో వినడానికేమీ లేదని. నేనే ఎన్నోసార్లు అన్నాను.

నిస్సీకి సీటు వచ్చింది. బ్యూలాకు రాలేదు. మళ్లీ అప్లై చేయలేదు.

ఎందుకు చేశాను? బ్యూలాకు రాకపోతే అది నిస్సీకి వస్తుందని లేదు. ఆ లెక్క నాకు తెలియనిది కాదు. మరి ఎందుకు? నా బిడ్డను పెంచిన మనిషి బిడ్డ, నా బిడ్డ ఎన్నటికీ చెప్పలేని మాట నా ఎదురుగా కూర్చుని చెప్పింది. దాన్ని భరించలేకపోయాను. ఇదేనా కారణం? ఇంత చిన్నదా? ఒక్కోసారి, లేదు, నిజంగానే ఆ జవాబు ప్రమాదమనుకున్నానేమోనని నన్ను నేను సమర్థించుకోబోతాను. వెంటనే వంటగదిలో తుడుచుకున్న కళ్లు గుర్తొస్తాయి. అబద్ధం అక్కడే ఆగిపోతుంది.

బ్యూలా తర్వాత స్పీచ్ థెరపీ చదివింది. పక్షవాతం వచ్చినవాళ్లకు మాట్లాడటం, మింగడం మళ్లీ నేర్పిస్తుంది. బాగానే ఉందిగా అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. ఆమె బాగుండటం ఆమె కష్టం. అందులో నా వాటా ఏముంది?

పోయిన నెల చర్చి అయ్యాక ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చింది. "ఆంటీ, ఈమెకు ఇంటర్వ్యూ ఉంది. నాకు హెల్ప్ చేసినట్టే చేస్తారా?" అంది. ఆ మాటలో వెటకారం లేదు. అదే నన్ను నిలువునా కుదిపేసింది. అమ్మాయిని లోపల ఉండమని, బ్యూలాను పార్కింగ్‌లోకి తీసుకెళ్లాను. చెప్పేశాను. నీళ్లు నమలకుండా, సాకులు లేకుండా. నీ జవాబు బాగుందని తెలిసే వద్దన్నాను అన్నాను.

బ్యూలా కారు తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"అమ్మకి తెలుసా?"

"తెలీదు."

"ఇన్నేళ్లూ నేనే వీక్ అనుకున్నాను ఆంటీ" అంది.

లోపలికి వెళ్లి ఆ అమ్మాయిని పిలుచుకుని వెళ్లిపోయింది.

నేను సీటు గురించే బాధపడుతూ వచ్చాను. పోగొట్టింది సీటొక్కటే కాదని అప్పుడు తెలిసింది. తన నోటి నుంచి వచ్చిన అత్యంత నిజాయితీగల మాట పనికిరానిదని ఒక పిల్లకు నేర్పాను. ఏడేళ్లు అది నమ్మి బతికింది.

అప్పటినుంచి బ్యూలా చర్చికి రాలేదు. నేను ఫోన్ చేయలేదు. క్షమించమని ఒత్తిడి పెట్టే హక్కు నాకు లేదు. వచ్చే శుక్రవారం నిస్సీ ఇంటికి వస్తుంది. దానికీ చెప్పాలి. ఆ తర్వాత సుగుణక్క దగ్గరకు వెళ్లాలి. ఆ ఇంటి తలుపు ముందు ఏమని మొదలుపెడతానో తెలియదు. ఇవాళ పొద్దుటినుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేదు. ఇది కూడా సగం నిలబడే రాశాను. అయినా ఈ చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఊపిరి కాస్త అందుతోంది: అది పొరపాటు కాదు, తెలిసే చేశాను.