బల్బు మాట, అత్తమ్మ చెయ్యి

వికారాబాదులో నేను రేడియోలు బాగుచేసిన రోజుల్లో, బాగుపడ్డవాటికంటే పాడైనవే ఎక్కువ. అవన్నీ మాఫీ. కానీ తాండూరులో మా మేనత్త ఇంట్లో నేను వెలగబెట్టిన ఘనకార్యం వింటే, మీరు నా చేతికి టార్చిలైటు కూడా ఇవ్వరు.

ఎనభైల మొదట్లో అత్తమ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆమె జొన్నరొట్టె తట్టే చప్పుడుకే వాడకట్టంతటికీ ఆకలి పుట్టేది. అలాంటి మనిషికి మామ ముద్దలు కలిపి తినిపించాల్సి వచ్చింది. జబ్బుకంటే ఆ సిగ్గే ఆమెను ఎక్కువ కుంగదీసింది.

"పట్నంల మిషన్లున్నయట. చెయ్యి జర కదిలినా దీపం ఎలిగి చూపిస్తదట. మనిషికి ధైర్యమొస్తది" అన్నాడు డాక్టరు. నాకా మాట చాలు. సైకిలు హారను రబ్బరుబుడ్డిలో రెండు రేకుముక్కలు పెట్టి, సెల్లుల డబ్బాకూ బల్బుకూ తీగలు కలిపాను. బుడ్డి పిండితే రేకులు తగిలి బల్బు వెలుగుతుంది. పట్నం మిషను మాత్రం ఇంతకంటే ఏం చేస్తుంది చెప్పండి!

బుడ్డిని అత్తమ్మ కుడిచేతిలో పెడితే, మొదటి ఆదివారమే వేళ్ళు వణికి బల్బు మిణుకుమంది.

"అల్లుడా, ఎలిగింది సూడు!" అని అత్తమ్మ చిన్నపిల్లలా నవ్వింది. నేను ఆమె మంచం పక్కనే నా రేడియోలో క్రికెట్ వింటూ, మహాశాస్త్రవేత్తలా కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్నాను.

మరుసటి ఆదివారం రైలు దిగి వెళ్తే ఇల్లంతా దిగులు. వారమంతా బల్బు వెలగలేదట.

"గట్టిగ పిండు అత్తమ్మా!"

"పిండుతున్నరా. ఏళ్ళు కదులుతున్నయ్."

"బల్బు అబద్ధం చెప్తదా? నువ్వే మనసు పెడ్తలేవు."

అత్తమ్మ బుడ్డిని ఒడిలోంచి నెట్టేసింది. కళ్ళనిండా నీళ్ళు.

"తీస్కపో. గీ చెయ్యి సచ్చింది. ఇగ రొట్టె తట్టుడు నా నొసట రాసిలేదు."

డబ్బా సర్దుకుందామని మూత తీశాను. లోపల సెల్లులు కారి, చిలుము పట్టి ఉన్నాయి.

"కొత్తయి ఏసినవ్ గద, గివేంది?" అన్నాడు మామ.

అప్పుడు గుర్తొచ్చింది. ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఇక్కడ మద్దెలే ఓడు, నేను తిట్టింది ఆడే మనిషిని.

"అత్తమ్మా... మొన్న ఆట మస్తు పట్టు మీదుండె. నా రేడియో సెల్లులు అయిపోయినయ్. గందుకని గీ డబ్బలయి, రేడియోలయి జర అటుఇటు మార్చిన. మల్ల కొత్తయి తెద్దామని మర్చిపోయిన."

"జరనా? ఇటు రా."

వెళ్ళాను. ఎడమచెంప మీద ఛెళ్ళుమంది. నేను చెంప తడుముకుంటున్నాను, అత్తమ్మ తన కుడిచేతిని చూసుకుంటోంది. వెలగని బల్బుతో పంతం పట్టి వారమంతా పిండిన చెయ్యి అది.

"ఇంకోటి కొట్టు అత్తమ్మా!" నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"ఆగు సచ్చినోడా! ముందు జొన్నపిండి తే!"

కొన్నాళ్ళకు ఆమె వంకరటింకర రొట్టె ఒకటి తట్టి, తొలి రొట్టె అని నాకే పెట్టింది. నిజానికి అది రెండోది. తొలిది తట్టింది నా చెంప మీద.

కనుక, మహాజనులారా, ఆ చెంప సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఆట ఆఖరి ఓవరులో ఉన్నా సరే, ఒకరి దీపంలోంచి సెల్లులు తియ్యను. మనిషి "కదులుతున్నది" అంటే, నిజమేనా అని బల్బును అడగను.