దుబాయిలో గడువు దాటిన అక్క

చెల్లెలి కాన్పుకని దుబాయి వెళ్లి, వారం రోజులు దొంగలా దాక్కుని, ఏ పనికి వెళ్లిందో ఆ పని కాకముందే పారిపోయి వచ్చిన ఘనురాలు తొర్రూరు మొత్తంలో ఒక్కతే ఉంది. ఆ ఒక్కతీ నేనే. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. ముందు ముందు నాతోపాటు వణకాల్సి ఉంటుంది.

మాది విత్తనాలు, పురుగుమందుల దుకాణం. మా ఆయన గల్లా దగ్గర, నేను అల్మారాల దగ్గర. ఏ డబ్బా చేతికొచ్చినా ముందు దాని మీది ఆఖరి తేదీ చూడడం నా పని. తేదీ దాటిన మందు కనబడితే తనిఖీకి వచ్చిన సారు ఊరుకోడు. ఆ భయం ఎంతగా ఒంటబట్టిందంటే, పెళ్లికార్డు ఇచ్చినా తిప్పి వెనకాల తేదీ వెతుకుతాను.

అమ్మ పోయాక చెల్లెలు రజితను పెంచింది నేనే. దాని భర్తకు దుబాయిలో ఉద్యోగం, కాన్పు కూడా అక్కడే అన్నారు. "అక్కా, పుట్టినంక ఇరవై ఒకటో రోజు బిడ్డను తొట్టెల్ల నువ్వే వెయ్యాలె. అమ్మ లేదు గద, నాకింకెవరున్నరు?" అని ఫోనులో ఏడ్చింది. మరిది వెంటనే విజిట్ వీసా తీసి పంపాడు. కానీ నాట్ల కాలం, దుకాణంలో ఊపిరాడని గిరాకీ. నేను విమానం ఎక్కేసరికి నెల దాటింది. దిగిన వారానికి రజిత ఆడపిల్లను కన్నది. పిల్లకు నలుగు పెట్టడం, బాలింతకు పథ్యం వండడం, అంతా హాయిగా సాగిపోతోంది.

ఒకరోజు వాము పొట్లం కోసం బ్యాగులో చెయ్యి పెడితే వీసా కాగితం చేతికొచ్చింది. అలవాటు ఊరుకుంటుందా? తేదీ చూశాను. వీసా చెల్లుబాటు నిన్నటితో అయిపోయింది! వాము అక్కడే ఒలికిపోయింది.

రజితకు చెబుదామంటే బాలింత. బాలింతకు బెదురు పుడితే పాలు పడవని మా అవ్వ వంద సార్లు చెప్పింది. మరిదికి చెబుదామంటే ఆయన కడుపులో మాట దాగదు, సాయంత్రానికి పెళ్లాం చెవిలో వేస్తాడు. ఇక మిగిలింది మా ఆయన. కాగితం ఫోటో తీసి పంపి, బాత్రూములోంచి ఫోన్ చేశాను.

"ఏందే, నిన్ననే అయిపోయింది గదనే!"

"నాకు కండ్లు లేవా? ఇప్పుడెట్ల?"

"మన షాపుల డేటు దాటిన డబ్బా దొరికితే ఏం జేస్తరు?"

"సీజ్ జేస్తరు."

"మరి!"

ఆ ఒక్క "మరి"కి బాత్రూము గడియ సరిగ్గా పడిందో లేదో ఇంకోసారి చూసుకున్నాను.

"మజాకులాడకు. జైల్ల ఏస్తరా ఏంది?"

"నాకేమెరుక? గక్కడ రూల్స్ కడక్ అంటరు. జర బయట కనబడకు."

అంతే, ఆ రోజు నుంచి దాగుడుమూతలే. తలుపు గంట మోగితే బాత్రూములో దూరేదాన్ని. సామాను తెచ్చిన మనిషి తలుపు అవతలే నిలబడిపోయేవాడు.

"అక్కా, జర తలుపు తియ్యరాదు!"

"కడుపుల నొస్తుందే!"

"పొద్దటిసంది గంట మోగినప్పుడే ఎట్ల నొస్తున్నదే నీకు?"

చెత్త పారేద్దామని ఒకసారి ధైర్యం చేశాను. లిఫ్టు తెరుచుకుంటే లోపల పోలీసు! పాపం, పెద్దమనిషి తలుపు పట్టుకుని "రండి" అన్నట్టు చెయ్యి చూపించాడు. నాకు ఆ చేతిలో బేడీలే కనిపించాయి. చెత్త సంచీతో సహా వెనక్కి ఉరికి వచ్చి మంచం మీద పడ్డాను. రజిత ముక్కు మూసుకుంది.

నన్ను పట్టుకుపోయినా సరే. కానీ గడువు దాటిన మనిషిని ఇంట్లో పెట్టుకున్నాడని మరిది ఉద్యోగం ఊడితే? తొట్టెల వేడుకకు ఆయన ఆఫీసువాళ్లంతా వస్తారు. వాళ్ల ముందే నన్ను లాక్కుపోతే? తొట్టెలకు రెండు రోజుల ముందుకే టికెట్ తియ్యమని మా ఆయనకు చెప్పాను. రజితకు మాత్రం, "మీ బావకు ఛాతీల నొప్పంట" అన్నాను.

అది వెంటనే బావకు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. ముందే నేర్పి ఉంచాను కాబట్టి మా ఆయన మూలగడం మొదలుపెట్టాడు. బాగానే మూలుగుతున్నాడు, ఇంతలో అవతల ఎవరో "అన్నా, యూరియా ఉన్నదా?" అన్నారు. "స్టాక్ లేదు, ఎల్లుండి రా!" అని గట్టిగా అరిచి, మళ్లీ మూలుగు అందుకున్నాడు. అయినా పిచ్చిది నమ్మింది.

"పోయి బావను సూస్కో అక్కా. తొట్టెలదేముంది," అంటూనే కళ్లు తుడుచుకుంది. పిల్ల నా వేలు పట్టుకుని వదల్లేదు. ఆ వేలు విడిపించుకోవడం నా వల్ల కాలేదు, మరిదే విడిపించాడు.

ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టును కళ్లు మూసుకుని అందించాను. ఆఫీసరు కంప్యూటర్ చూశాడు, నన్ను చూశాడు, టప్పున ముద్ర కొట్టాడు. ఆ తర్వాత నవ్వుతూ, ఇంకా నెలకు పైగా ఉంది కదా, ఇంత తొందరగా పోతున్నారేమని హిందీలో అడిగాడు.

"ఇత్నీ జల్దీ క్యూఁ? అభీ ఏక్ మహీనే సే జ్యాదా బాకీ హై."

"సాబ్, డేట్ ఖతం హోగయా నా?"

ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఆ తేదీ లోపల మా దేశంలో అడుగు పెట్టాలి, అంతవరకే దాని పని. వచ్చాక ఎన్నాళ్లు ఉండొచ్చన్నది వేరే లెక్క. అది మీరు దిగిన రోజు నుంచి మొదలైంది, రెండు నెలలు.

"తో మై వాపస్ జాతూఁ సాబ్! ఘర్ మే తొట్టెల హై!"

"నహీ అమ్మా. ఇది ఒక్కసారి వచ్చిపోయే వీసా. ముద్ర పడింది. ఇక రావాలంటే కొత్త వీసా."

ముద్ర పడకముందు అడిగి ఉంటే? ఆ మాట తలుచుకుని విమానంలో దారంతా ఏడ్చాను. పక్క సీటాయన చావు కబురనుకుని తన బిర్యానీ కూడా నాకే ఇచ్చాడు.

తొట్టెల రోజు పిల్లను పక్కింటామె తొట్టెలలో వేసింది. నేను దుకాణంలో మందు డబ్బాల మధ్య నిలబడి ఫోనులో లాలిపాట పాడాను. "ఒక్క మాట జెప్తే అయిపోతుండె గదక్కా! నీ మరిదికి వీసా సంగతంత ఎరుకనే," అంది రజిత, నా దొంగాట అంతా విన్నాక. నేను మళ్లీ లాలిపాట అందుకున్నాను.

కనుక సమ్మక్క సారలమ్మల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మా ఆయన సాక్షిగా చేద్దామంటే ఆయనకు మూలగడం తప్ప ఏమీ రాదు. ఇకమీదట ఏ దేశం వీసా చేతికొచ్చినా, ఎప్పటిలోగా అడుగు పెట్టాలి, పెట్టాక ఎన్నాళ్లుండొచ్చు అని రెండు ప్రశ్నలూ విడివిడిగా, తెలిసినవాళ్లను, నోరు తెరిచి అడుగుతాను. ఈ ప్రమాణం ఇంత గట్టిగా ఎందుకంటే, ఆ పిల్లకు ఇప్పుడు మాటలొచ్చాయి. నన్ను "ఫోన్ పెద్దమ్మ" అని పిలుస్తోంది.