తల్లి పేరు అడిగిన రత్నమ్మక్క

దీపం వెలిగించబోతుంటే ఫోన్ మోగింది. బిజినేపల్లిలో మా రక్తపరీక్షా కేంద్రాన్ని ఇన్నేళ్లు నడిపిన రత్నమ్మక్క పరమపదించిందన్నారు. అగ్గిపెట్టె చేతిలోనే ఉండిపోయింది. దుఃఖంతోనే రాయ కూర్చున్నాను. కానీ ఆమెను తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది, ఏం చేయను?

బడిముఖం చూడని నాకు నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. ఆ అక్షరాలకు అన్నం పెట్టిన పుణ్యాత్మురాలు అక్క. రక్తం తీసేది ఆమె. పేర్లు పిలిచి, గొట్టాల మీద రాసేది నేను.

ఒకనాడు ఇద్దరు కుర్మమ్మలు వచ్చారు. బాలయ్య భార్య కుర్మమ్మకు మర్నాడే గర్భసంచి ఆపరేషన్, రక్తం ఎక్కించాలి. మరొకామెకు జ్వరం. "కుర్మమ్మా, బాలయ్య భార్యవే కదా?" అన్నాను. ముందుకొచ్చినామె తల ఊపింది. ఆమె రక్తం పట్టిన గొట్టం మీద ఆపరేషన్ కుర్మమ్మ వివరాలే రాశాను.

పరీక్ష ముగించిన అక్క, ఆపరేషన్ కుర్మమ్మ పాత చీటీ తీసి చూసింది. "ఇదివరకు ‘ఓ’ గ్రూపు, ఇయ్యాల ‘బీ’. మనిషి గ్రూపు మారదు చెల్లె. మారింది మనిషే." ఫలితం కాగితం బయటికి పోనీయలేదు. నేరుగా రోగులు కూర్చునే బల్ల దగ్గరికి, తల ఊపినామె ముందుకు నడిచింది.

"నీ ఇంటాయన పేరేందమ్మా?"

"ఆయన పేరు నా నోటితోటి ఎట్ల చెప్త?"

"మరి బాలయ్య అంటే తలకాయెందుకు ఊపినవ్?"

"దవాఖానోళ్లు అడిగితే కాదంటమా?"

బల్లంతా గొల్లున నవ్వింది. అక్క కూడా నవ్వి, "పోనీ, నీ తల్లి పేరేంది?" అంది.

"మా అమ్మనా? తిమ్మాజిపేట ఎంకమ్మ. గామె పేరు పదిసార్లు చెప్త."

జ్వరం కుర్మమ్మ తల్లి ఎంకమ్మ. ఆపరేషన్ కుర్మమ్మ తల్లి సాయమ్మ. అక్క ఇద్దరికీ మళ్లీ రక్తం తీసింది. దైవకృప అక్క కళ్ల రూపంలో వచ్చి ఒక ప్రాణాన్ని నిలబెట్టిందని నేటికీ నమ్ముతాను.

నేను ఏడుస్తూ కూర్చుంటే అక్క, కేంద్రంలో జరిగే పొరపాట్లు రాసే పుస్తకం తెరిచింది. అందులో నా పేరు రాయలేదు. "భర్త పేరు అడగమని నేర్పింది నేనే. ఇకనుంచి తల్లి పేరు. మనం చెప్పొద్దు, వాళ్లతోనే చెప్పించాలె" అని రాసుకుంది. "మనిషిని తిడితే పొరపాటు దాచుకుంటది. దాచిన పొరపాటు ఇంకొకరి మీద పడ్తది" అనేది.

మొన్న అక్క మంచాన ఉన్నప్పుడు కొత్త టెక్నీషియన్ ఆమెకు రక్తం తీశాడు. నేను గొట్టం మీద పేరు రాయబోతే చేయి అడ్డుపెట్టింది.

"అడుగు."

"నిన్ను నాకు తెల్వదా అక్కా?"

"తెలుసనుకున్న కాడనే తప్పుతవ్. అడుగు."

"పేరేంది?"

"రత్నమ్మ."

"తల్లి పేరేంది?"

"ఎల్లమ్మ." ఆ నీరసంలోనూ ఆమె ముఖం వెలిగింది. "ఇగ రాయి."

రేపు బల్ల మీద మొదట కూర్చునే తల్లినీ అలాగే అడుగుతాను. ఆ ప్రశ్నే అక్కకు నా నమస్కారం. అయితే నేను రాసిన పేరును రెండోసారి చదివే ఆ కళ్లను మాత్రం ఎక్కడినుంచి తెచ్చుకోను?