ఎర్రయ్య తాత చలించిన రోజు

నలభై రెండో ఏట ఎర్రయ్యకు దేవుడు కావాలనిపించింది. అంతవరకు ఆయనకు కావాలనిపించినవన్నీ భోపాల్‌పట్నం సంతలో దొరికేవే. ఎర్ర తలగుడ్డ, ఎద్దు మెడకు గంటల పట్టెడ, ఘాటైన పొగాకు. దేవుడు సంతకు రాడు గనక ఆ కోరిక ఆయనకు ఎక్కడ అంటుకుందో ముందు చెప్పాలి.

బస్తర్ ఇంకా రాజుల సంస్థానంగా ఉన్న కాలం అది. ఎర్రయ్య అప్పటికి ఎవరికీ తాత కాడు. కానీ మా ఇంట్లో ఆయన్ను ఇంకో పేరుతో ఎవరమూ ఎరగం గనక తాత అనే అందాం. ఇంద్రావతి నదికి ఇవతల ఉన్న తాత ఊళ్లో సగం దొర్ల తెగవాళ్లు, సగం తెలుగు రైతులు. ఊళ్లో కొట్లాట ఏదైనా తెలుగులో మొదలై దొర్లలో రాజీకి వచ్చేది. పండుగలకు మాత్రం భాషతో పని లేదు, అందరికీ ఒకటే.

ఆ ఎండాకాలం భద్రాచలం పోతున్న బైరాగి ఒకడు జ్వరమొచ్చి తాత కొట్టంలో ఆగాడు. గోదావరి కింది జిల్లాల మనిషి. మూడు రోజులు ఉంటానన్నవాడు మూడు వారాలున్నాడు. జ్వరం వదల్లేదని బైరాగి అనేవాడు. ఉప్పలమ్మ వండే చింతచిగురు పప్పును అతడే వదల్లేదని ఊరు అనేది. ఉప్పలమ్మ అంటే తాత భార్య, మా అవ్వ.

పడుకున్నవాడు ఊరికే పడుకోక తాతకు దేవుడి సంగతులు చెప్పాడు. తాతకు అవి కల్లు కంటే త్వరగా తలకెక్కాయి. మాంసం మానాడు. ఇప్పసారా మానాడు. మానిన వస్తువులు ఇంకెవరైనా తింటుంటే తాగుతుంటే చూడటం మాత్రం మానలేకపోయాడు. తులసిమాల దొరక్క ఆముదపు గింజలు గుచ్చుకుని దున్నుతూ దున్నుతూ జపం చేశాడు. ఒక్కో గింజకు "రామా" అని ఆగేవాడు. ఆయన ఆగితే ఎద్దులూ ఆగేవి. పది రోజుల్లో ఆ ఎద్దులకు రామనామం అంటే నిలబడమని అర్థమైపోయింది. భక్తిలో అవే ముందున్నాయని పొరుగువాళ్లు అన్నారు.

"సామీ, నన్ను గూడ మీ ఎంట తోలుకపోండ్రి" అన్నాడు తాత ఒకరోజు.

బైరాగి గడ్డం నిమురుకున్నాడు. "రావచ్చు. కానీ ఒక్క పరీక్ష ఉంది ఎర్రయ్యా. నలుగురిలో అవమానం జరిగినా నీ మనసు చలించని రోజు రావాలి. ఆ రోజున నువ్వు నా వెంట బయలుదేరు. అప్పటికి ఇల్లూ వాకిలీ పండుటాకుల్లా వాటంతట అవే రాలిపోతాయి."

ఆ మాటతో తాత అవమానం కోసం ఊరంతా తిరిగాడు. కావలసినప్పుడు అది కూడా దొరకదు. ఊరి పూజారి జోగ, తాతకంటే ఎనిమిదేళ్లు పెద్ద దొర్లమనిషి. తాత అతణ్ని అన్న వరస పెట్టి పిలుస్తాడు. నేరుగా అతని దగ్గరికే పోయాడు.

"జోగన్నా, నన్ను జర నలుగుర్ల తిట్టే."

"ఊరికె ఎట్ల తిడతరా తమ్మీ? ముందు ఏమన్న జెయ్యి" అన్నాడు జోగ.

ఇంట్లో ఉప్పలమ్మ రోజూ తిడుతూనే ఉండేది. కానీ ఇరవై ఏళ్లుగా అలవాటైన తిట్లకు మనసు చలించకపోవడం గొప్ప కాదని తాతకే అనిపించింది.

ఇంతకీ ఉప్పలమ్మ ఏమంది? అదే తాతకు పెద్ద దెబ్బ. ఇల్లు విడిచి పోతున్నానని చెబితే ఆమె గుండెలు బాదుకుంటుందని తాత అనుకున్నాడు. అప్పుడు చెప్పవలసిన మాట కూడా సిద్ధం చేసుకున్నాడు: "ఏడ్వకే పిచ్చిదానా, అంత మాయ." దాన్ని రెండుసార్లు ఎద్దుల ముందు చెప్పి చూసుకున్నాడు. బాగానే కుదిరింది. తీరా చెప్పిన రోజున ఉప్పలమ్మ చేటలో జొన్నలు చెరుగుతూ తల ఎత్తకుండా అడిగింది:

"కొత్త గొంగడి తీస్కపోతవా, పాతదా?"

"పాతదే."

"మంచిది. కొత్తది వానకాలం నాకైతది."

అంతే. మాయ గురించి చెప్పే సందు దొరకలేదు. తాత ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. వైరాగ్యం ముదిరిందని బైరాగి మెచ్చుకున్నాడు.

ఇలా ఉండగా విత్తనాల పండుగ వచ్చింది. దొర్లవాళ్లు దాన్ని విజ్జపండుం అంటారు. ఇంటికో దోసెడు విత్తనం ఆకుదొప్పలో తెచ్చి పూజారికి ఇవ్వాలి. మగవాళ్లు అడవికి వేటకు పోయి ఏదో ఒక జీవాన్ని తేవాలి. దాని నెత్తురు చుక్క ఆ విత్తనాల మీద పడ్డాకే ఎవరైనా పొలంలో గింజ వేయాలి. ఇంటికొక మగవాడు తప్పకుండా పోవాలి, లేకపోతే ఆ ఇంటి విత్తనాన్ని పూజారి ముట్టడు. ఇదంతా ఒక ఎత్తు. వట్టిచేతులతో తిరిగొస్తే జరిగేది ఇంకో ఎత్తు. ఊరి ఆడవాళ్లంతా పొలిమేరలో పేడనీళ్ల కుండలతో కాచుకుని ఉంటారు. ఆ పూట ఎవరు ఎవరినైనా ఏమైనా అనవచ్చు, ఎవరి నెత్తిన ఎంతైనా పోయవచ్చు. ఒక ఏడు మగవాళ్లు తెలివిగా ఉడుతను పట్టుకొచ్చారు. ఆడవాళ్లు దాన్ని చూసి, ఇది వచ్చే ఏడు పండుగకు పెరుగుతుందిలే అని వదిలేసి, ఇద్దరికి ఒక కుండ చొప్పున పోయవలసినది మనిషికి రెండు కుండలు పోశారు.

ఈ సంగతి విన్న బైరాగి కళ్లు మెరిశాయి. "ఎర్రయ్యా, నీ పరీక్ష వచ్చేసింది. వేటకు వెళ్లు. ఏ జీవాన్నీ చంపకు. తిరిగొచ్చి ఆ అవమానాన్ని చలించకుండా భరించు. మర్నాడే మనం బయలుదేరుదాం."

తాత వేటకు పోయాడు. జోగ అందరినీ వరసగా నిలబెట్టి, పొదల వెంట వలలు కట్టించి, తాతను రెండు వలల మధ్య సందులో దుడ్డుకర్ర ఇచ్చి నిలబెట్టాడు. అవతలి నుంచి డప్పులు కొడుతూ అరుస్తూ వచ్చారు. పొద్దున్నుంచి ఒక్కటంటే ఒక్క జీవం కదలలేదు. చివరికి మధ్యాహ్నం దాటాక, బాగా బలిసిన కుందేలు ఒకటి నేరుగా తాత ముందుకొచ్చి ఆగింది. రెండు చెవులూ నిలబెట్టి తాతను చూసింది. బైరాగి మాట మరిచి తాత కర్ర ఎత్తాడు. ఎత్తిన కర్రతోనే, అలవాటు కొద్దీ, "రామా" అన్నాడు.

ఎద్దులైతే నిలబడేవి. కుందేలు ఆయన కాళ్ల మధ్య నుంచి దూరిపోయింది.

జోగ రొప్పుతూ వచ్చాడు. "ఏందిరా తమ్మీ, కుందేలుకు ఉపదేశం జేసినవా?"

"నోట్లకెల్లి అదే వచ్చిందన్నా."

"మంచిగుంది. అది పోయి అడవిల మఠం పెడ్తది. మనం పోయి పేడల మునుగుదం."

పొద్దు వాలుతుండగా వెనక్కి బయలుదేరారు. ఊరు దగ్గరయ్యే కొద్దీ ఒక్కొక్కరి నడక తగ్గింది. ఒకడికి ముల్లు గుచ్చుకుంది. ఇంకొకడికి ఉన్నట్టుండి దాహమైంది. తాత ఒక్కడే ముందు నడిచాడు. ఛాతీ విరుచుకుని పేడనీళ్లకు పోయిన మగవాణ్ని ఆ ఊరు అంతకు ముందు చూడలేదు.

పొలిమేరలో ఆడవాళ్లు కేక పెట్టారు. మగవాళ్లు చెల్లాచెదురుగా పరుగెత్తారు. వెంట కుండలు పరుగెత్తాయి. తాత మాత్రం దారి మధ్యలో నిలబడి, కళ్లు మూసుకుని, చేతులు జోడించాడు. కొంచెం దూరంలో బైరాగి శిష్యుణ్ని చూడటానికి తునికిచెట్టు నీడలో నిలబడ్డాడు.

మొదటి కుండ జోగ భార్యది, పేరు మాసే. తాతకు వదిన వరస. ఏడాదంతా దాచుకున్న మాటలు ఆ పూట తీస్తుంది.

"ఓ మరిదీ! కుందేలుకు దారిడిసినవంట. మా చెల్లెను ఇడిసిపోతవంట. పట్టుకునుడు నీ చేతగాదు, ఇడుసుడే వస్తదా నీకు?" అని నెత్తిన కుమ్మరించింది. అందులో పేడ ఉంది, గడ్డి ఉంది, ఒక గులకరాయి కూడా ఉంది. తాత చలించలేదు. రెండో కుండ, మూడో కుండ. చెవిలోకి పోయింది, ముక్కులోకి పోయింది. తాత చలించలేదు.

ఆడవాళ్లకు విసుగొచ్చింది. పరుగెత్తని మనిషి మీద పోస్తే గోడ అలికినట్టే ఉంటుంది గానీ పండుగలా ఏముంటుంది? "వీడు మనిషా, పాతిన గుంజా?" అని ఒకామె గిల్లి కూడా చూసింది. చెట్టు కింద బైరాగి మెల్లగా తల ఊపుతున్నాడు. తాతకు మూసిన కళ్ల వెనకే తెలుస్తోంది, గెలిచానని. భద్రాచలం దారి కనిపిస్తోంది. ఎందుకో ఆ దారి చాలా పొడుగ్గా కనిపిస్తోంది.

కట్టుకున్న పెళ్లాం కుండ ఆఖరున పడాలి. అది ఆ ఊరి పద్ధతి. ఉప్పలమ్మ వచ్చింది. కుండ ఎత్తింది. పోసింది.

నీళ్లు చల్లగా, నున్నగా జారాయి. గడ్డిపరక లేదు. రాయి లేదు. రెప్పల మీద నుంచి నూనెలాగా దిగిపోయాయి. ఏదో తప్పు జరిగినట్టు తాత కళ్లు తెరిచాడు. ఉప్పలమ్మ చేతిలో కుండ. కుండ మూతికి ఆమె పాత చీర ముక్క.

"ఏందే ఇది? వడగట్టినవా?"

"మరేంది?" అంది ఉప్పలమ్మ చిరాగ్గా. "ఆ ఉడుత తెచ్చిన ఏడు కండ్లల్ల పొట్టు పడి, ఎన్మిది దినాలు మూల్గినవు. ఎవలు పడ్తరు ఆ మూల్గుడు?"

"నేను రేపు పోయేటోన్ని గదనే."

"పోయేటోనివైతె? తొవ్వ కనబడాల్నా వద్దా?"

తాత నోరు తెరిచాడు. మాయ గురించిన మాట అక్కడే ఉండాలి, వెతికాడు, కనిపించలేదు. ఇంటికొచ్చిన పండుగ పనుల మధ్య, నలుగురూ నవ్వుతుండగా, ఒక ఆడది కూర్చుని పేడనీళ్లను గుడ్డలో పోసి పిండుతున్నట్టు ఆయనకు కనిపించింది. కడుపులో ఎక్కడో ఒక నవ్వు పుట్టింది. పైకొచ్చేసరికి అది నవ్వో ఏడుపో ఆయనకే తెలియలేదు. భుజాలు ఎగిరిపడ్డాయి. ముక్కు కారింది.

"ఇంక సగం కుండ ఉంది" అంది ఉప్పలమ్మ, కుండ ఎత్తి.

తాత పరుగెత్తాడు. లేగదూడలాగా కాళ్లు ఎగరేస్తూ, కేకలు పెడుతూ, అందరికంటే ఎక్కువగా పరుగెత్తాడు. వెనక ఉప్పలమ్మ. ఊరంతా ఈలలు.

"ఎర్రయ్యా! చలించావు!" అని చెట్టు కింద నుంచి బైరాగి అరిచాడు.

"చలించిన సామీ!" అని తాత పరుగెత్తుతూనే అరిచాడు. "మొత్తం చలించిన!"

ఆ అరుపుతో మాసే కళ్లు చెట్టు మీద పడ్డాయి. "అగో, ఇంకో మగోడు! వీని చేతుల గూడ ఏం లేదు."

"అమ్మా, నేను వేటకే పోలేదు!" అన్నాడు బైరాగి వెనక్కి జరుగుతూ.

"పోలేదా? అయితె రెండు కుండలు."

చీకటి పడకముందే ఇద్దరూ వాగులో కూర్చుని కడుక్కున్నారు. బైరాగి శాపాలు పెడతాడేమోనని తాత భయపడ్డాడు. బైరాగి శాపం పెట్టలేదు. గడ్డంలోంచి గడ్డిపరకలు ఒక్కొక్కటే తీసి నీళ్లలో వదిలాడు. చివరికి అన్నాడు:

"పన్నెండేళ్లుగా తిరుగుతున్నాను ఎర్రయ్యా. నాకెవరూ వడగట్టలేదు."

తాత సొరకాయ బుర్రతో నీళ్లు ముంచి ఆయన వీపు మీద పోశాడు. మెడ వెనక అంటినది వేళ్లతో రుద్దాడు.

"నేను రాను సామీ."

"తెలుసు. నువ్వు పరుగెత్తినప్పుడే తెలిసింది." గడ్డం పిండుకుంటూ, "దేవుడి సంగతి మరి?" అన్నాడు.

"ఆయన సంగతి నాకు ఇంకా తెల్వది. ఇది మాత్రం జర తెలిసింది."

తాత ఇంటికొచ్చేసరికి ఉప్పలమ్మ వాకిట్లో కుండ బోర్లిస్తోంది. వెనక్కి చూడకుండానే అడిగింది.

"చెప్పినవా?"

"చెప్పిన. పోనని."

"ఊఁ." ఆమె లేచి దగ్గరకొచ్చి, ఆయన గడ్డం పట్టి తల పక్కకు తిప్పి, చెంగు కొస మెలిపెట్టి చెవిలో తిప్పింది. తాత బాధతో ఎగిరాడు.

"కదలకు. ఇంత గడ్డి ఉంది ఇందుల" అంది ఉప్పలమ్మ. "ఇది నా కుండల్ది గాదు. మాసేది."