నూటయాభై మాటల్లో పట్టని మనిషి

మా అర్జీల సారు పోయిన శనివారం చనిపోయారు. మధ్యాహ్నం అన్నం తిని గోడకు ఆనుకుని కూర్చున్నవారు మళ్లీ లేవలేదు. ఆయన గురించి కొంతకాలం గడిచాక, మనసు కుదుటపడ్డాక రాద్దామనుకున్నాను. కానీ సోమవారం పోస్ట్‌మ్యాన్ చెప్పిన మాట వల్ల ఇప్పుడే రాయాల్సి వస్తోంది. నది అవతలి కర్ణాటక ఆఫీసు నుంచి సారు పేరు మీద రిజిస్టరు కవరు వచ్చిందట.

“సారు లేడు గదమ్మ. మనిషి లేడని రాసి తిప్పి పంపిన,” అన్నాడు.

అతని తప్పు లేదు. కానీ మేము ఎదురుచూస్తున్న కవరు అదే.

మాది గట్టు మండలంలో ఒక పల్లె. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. ఇంటర్ అయ్యాక గద్వాలలో సారు దగ్గర అర్జీలు రాయడం నేర్చుకున్నాను. మండలాఫీసు ఎదురుగా రేకుల నీడ, ఒక బల్ల, ఒక బెంచీ, అంతే ఆయన కొలువు. సమాచార హక్కు చట్టం వచ్చాక ఆ బెంచీ ఎప్పుడూ నిండుగానే ఉండేది. ఎవరు ఎంతసేపు చెప్పినా సారు మధ్యలో ఆపేవారు కాదు. “నడిమిట్ల ఆపితె అసలు సంగతి లోపట్నే ఉంటది బిడ్డ,” అనేవారు.

మా పక్కింటి అత్తను ఆ బెంచీ దగ్గరకు తీసుకుపోయింది నేనే. మామ నది అవతల కాలువ పనికి పోయి తిరిగి రాలేదు. పని నడుమనే వదిలేసి పోయాడని మేస్త్రీ చేతులు దులుపుకున్నాడు. గుర్తు తెలియని శవాన్నొకదాన్ని అక్కడి పోలీసులు పూడ్చిపెట్టారని తర్వాత ఎవరో అన్నారు. అత్తకు కావలసింది ఒక్కటే. అది మామేనా? అయితే ఎక్కడ పూడ్చారు? అక్కడి నుంచి పిడికెడు మన్ను తెచ్చుకోవాలి.

అత్త చెప్పిందంతా రాస్తే నాలుగు పేజీలైంది. సారు తల అడ్డంగా ఊపారు. అవతలి రాష్ట్రంలో అర్జీ నూటయాభై మాటలు దాటకూడదు, ఒక అర్జీలో ఒకే విషయం అడగాలి. అది వాళ్ల రూలు.

“నా మొగుడు గంత చిన్నోడా సారు, నూటయాభై మాటల్ల పట్టనీకి?” అంది అత్త.

“పట్టడమ్మా. ముక్కలు ముక్కలుగనే తెచ్చుకోవాలె,” అన్నారు సారు. అన్నాక నాలుక కరుచుకున్నారు.

మాటకొక చింతగింజ పెట్టి లెక్కేసేవారాయన. కొట్టేసిన మాటలను వేరే కాయితం మీద రాయించేవారు. సాయంత్రం బల్ల సర్దేముందు ఆ కాయితాన్ని ఖాళీ బెంచీకి ఎదురుగా నిలబడి పైకి చదివేవారు. మొదటిసారి నాకు నవ్వొచ్చింది. ఎవరికి చదువుతున్నారని అడిగాను.

“ఆఫీసోళ్లకు వద్దన్న మాటలివి. వినేటోళ్లు ఇంకెవరన్న ఉంటె వింటరు.”

తర్వాత ఎప్పుడూ నవ్వలేదు. ఆయన చదువుతున్నంతసేపు ఆ బెంచీ వైపు చూడటానికి నాకు ధైర్యం చాలేది కాదు.

మామ అర్జీని కుదించింది నేను. మా వైపు మనిషిని చెప్పాలంటే ఇంటిపేరు, ఊరు, తండ్రి, ఎవరి అల్లుడు, అన్నీ చెప్పాలి. లేకపోతే ఆ మనిషిని తక్కువ చేసినట్టే. అవన్నీ ఉంచాను. చోటు చాలక చొక్కానూ, చేతి మీది పచ్చబొట్టునూ తీసేశాను. సారు చూసి సరేనన్నారు. ఆయనా మా వైపు మనిషే కదా.

నెల తర్వాత జవాబు వచ్చింది. కన్నడ అక్షరాలు మన అక్షరాలే ముఖం మార్చుకుని చూస్తున్నట్టు ఉంటాయి. సారు వేలు పెట్టి చదివారు. ఆ పేరుగల వ్యక్తి శవమేదీ తమ రికార్డులో లేదట.

కాయితం మడిచి ఆయన అన్నారు: “పేరు తెలిస్తె గుర్తు తెల్వని శవమని ఎందుకు రాస్తరు బిడ్డ? మనం బతికినోని గురించి అడిగినం.”

నేను ఏడ్చాను. ఆయన తిట్టలేదు. తప్పు ఇద్దరిదీ అని చెప్పి కొత్త కాయితం తీశారు. ఈసారి పేరు లేదు, ఊరు లేదు. గుర్తు తెలియని ఆ శవం ఒంటి మీద ఏ బట్టలున్నాయి? అంతే. ఆ అర్జీలో ఇంకా చాలా మాటలకు చోటు మిగిలింది.

జవాబు: నీలం గళ్ల చొక్కా, నాలుగో గుండీ తెల్లది.

“నేను కుట్టిందే,” అంది అత్త. ఏడవలేదు. బెంచీ మీద కొంచెం పక్కకు జరిగింది, ఎవరో కూర్చోవడానికి చోటిచ్చినట్టు.

మూడో అర్జీలో ఒంటి మీది గుర్తులు అడిగాం. ఎడమ చేతి మీద తేలు పచ్చబొట్టు అని వచ్చింది. ఆ రోజు సారు మూడు చాయ్‌లు చెప్పబోతే అత్త ఆపింది.

“నాలుగు చెప్పు సారు.”

సారు నాలుగే చెప్పారు. నాలుగో గ్లాసు బెంచీ చివర ఉండిపోయింది. మీగడ కట్టింది. పారబోయడానికి నేను లేస్తే, “ఉండనీ బిడ్డ. మనది కానిది మనం పారబోయొద్దు,” అన్నారు. ఇంటికి పోయేటప్పుడు కూడా అది అక్కడే ఉంది. పొద్దున వచ్చి చూస్తే ఖాళీగా ఉంది. కుక్కో, కాకో తాగి ఉంటుంది. సారు మాత్రం గ్లాసును రెండు చేతులతో తీసి కడిగారు.

ఎక్కడ పూడ్చారన్నది నాలుగో అర్జీ. అన్నీ సారు పేరుతోనే పెట్టాం. దాని జవాబే మనిషి లేడని తిరిగి వెళ్లిపోయింది.

నా పేరుతో మళ్లీ అర్జీ పెట్టాను. చట్టం వాళ్లకు నెల గడువిస్తుంది. అత్తకు అంత సమయం లేదు. ఎందుకు లేదన్నది నిన్న ఆమె చేను గట్టుకు పోయాక తెలిసింది. పచ్చబొట్టు జవాబు వచ్చిన మరునాడే అక్కడ గుంత తవ్విందట. గొర్రెలు పడకుండా బండ కప్పింది. నన్ను కూర్చోబెట్టి బండ జరిపింది. మోకాలి లోతు కూడా లేదు. అడుగున మన్ను చేత్తో రాసినట్టు నున్నగా ఉంది.

“ఇంత చిన్నదేంది అత్తా?”

“వచ్చేది పిడికెడేనాయె,” అంది. “మిరుగం వాన పడితె నీళ్లు నిండుతయి, పూడుతది. ఒక్క మనిషికి రెండుసార్లు తవ్వరు బిడ్డ.” చెవి గుంత మీద పెట్టి కాసేపు అలాగే ఉండి, బండ మూసింది.

ఆ కాలువ పనికి పోయినవాళ్లు, ఆ శవాన్ని మోసినవాళ్లు, గుంత తీసినవాళ్లు ఇది చదువుతుంటే ఈ పత్రికకు రాయండి. మాటల లెక్క ఏమీ లేదు, ఎంత పొడుగైనా రాయండి. ఊరి పేరు, ఏ దిక్కున అన్నది మాత్రం తప్పకుండా రాయండి. మిరుగం, అంటే మృగశిర కార్తె, మొదలయ్యే రోజు లోపల మీ జవాబు మాకు అందాలి.