గుడివాడలో నేను దాటని గీత

ఒక జట్టునీ, ఒక కోచ్‌నీ, గ్యాలరీలో కూర్చున్న కన్నతల్లినీ అర నిమిషంలో నిలువునా ఎలా ముంచాలో తెలుసుకోవాలంటే నన్నడగండి. గుడివాడలో అందరి ముందూ చేసి చూపించాను.

మాది అవనిగడ్డ. అప్పట్లో నేను కాలేజీ కబడ్డీ జట్టులో రెయిడర్‌ని, అంటే కూత పెట్టి అవతలి కోర్టులోకి వెళ్లేదాన్ని. రెండు కప్పులు రాగానే నా తల కొబ్బరిచెట్టు ఎత్తుకి లేచింది. మా కోచ్ మాస్టారు మాత్రం రోజూ పొద్దున్నే అందరిచేతా ఒకటే పని చేయించేవారు. కూత పెట్టడం, అవతలి కోర్టులోని అడ్డగీత దాటడం, వెనక్కి రావడం. ఎవర్నీ ముట్టుకోకుండా తిరిగొచ్చినా ఫరవాలేదు గానీ, ఆ గీత దాటకపోతే అవుట్. పసిపిల్లకైనా తెలిసిన సంగతే.

సెలవులకి ఊరొచ్చిన మాస్టారి పాత శిష్యురాలు పద్మక్క కూడా ఆ వరసలో నిలబడేది. ఇండియాకి ఆడిన మనిషి!

"అక్కా, నువ్వింకా అఆలు దిద్దడమేంటి?"

"ఎడమకాలు బద్ధకిస్తోందే. నాకు తెలీదు, మాస్టారికి కనిపిస్తుంది."

"చోద్యం కాకపోతే!" అని నవ్వి, మడమ నొప్పని చెప్పి, గట్టు మీద కూర్చుని పునుగులు తిన్నాను.

గుడివాడలో ఫైనల్. గెలిచిన జట్టు రాష్ట్ర పోటీలకి వెళ్తుంది. స్కోరు సమానంగా ఉంది. ఆఖరి రెయిడ్ నాది.

"ఏమీ చెయ్యొద్దమ్మా," అన్నారు మాస్టారు. "గీత దాటి వచ్చెయ్. అదనపు టైములో మనమే గెలుస్తాం."

"అలాగే సార్," అన్నాను. ఆ మాట చెవిలోకి వెళ్లింది గానీ కాళ్లదాకా చేరలేదు.

భుజాలు ఊపాను. గిర్రున తిరిగాను. గాల్లోకి కాలు విసిరాను. అవతలి పిల్లలు ఆట మానేసి నన్నే చూస్తున్నారు. "ఈ అమ్మాయిది కూచిపూడా ఏంటండీ?" అని గ్యాలరీలో ఎవరో అడిగారట. చప్పట్లకి పొంగిపోయి, అమ్మకి చెయ్యి ఊపుతూ దర్జాగా వెనక్కి వచ్చేశాను.

విజిల్ మోగింది. "రెయిడర్ అవుట్!"

"ఎందుకండీ? నన్నెవరూ ముట్టుకోలేదు కదా!"

"ముట్టుకోడానికి నువ్వు దగ్గరికొస్తేగా అమ్మా? గీతే దాటలేదు," అన్నాడు రిఫరీ జాలిగా.

ఒక్క పాయింటుతో ఓడిపోయాం. తిరుగు బస్సులో జట్టంతా నాకు దూరంగా వెనక సీట్లలో కూర్చుంది. అమ్మ మాత్రం నా పక్కన కూర్చుని, "డాన్సు బాగుందే," అంది. అవనిగడ్డ వచ్చేదాకా ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే గ్రౌండుకి వెళ్లాను. పద్మక్క అప్పటికే చెమటలు కక్కుతూ గీత దాటుతోంది.

"మళ్లీ," అన్నారు మాస్టారు.

"సరే సార్."

"కాదు, మళ్లీ."

"సరే సార్."

విసుగు లేదు, నేనింతదాన్నన్న గొప్ప లేదు. ఆవిడ అంత పెద్ద ప్లేయర్ ఎలా అయిందో నాకప్పుడు అర్థమైంది. ఆ కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది, ముఖ్యంగా ఎడమకాలికి.

వెళ్లి ఆవిడ వెనక నిలబడ్డాను. "సార్, గీత దాటడం నేర్పండి."

అక్క వెనక్కి తిరిగింది. "నేర్పుతారులే. ముందా చెయ్యి జేబులో పెట్టుకో."

అందుచేత, చదువుతున్న మీ అందరి సాక్షిగా ఒట్టేస్తున్నాను. చేపట్టిన పని పూర్తిచేసి తిరిగొచ్చేదాకా ఈ జన్మలో ఎవరికీ చెయ్యి ఊపను. ఆఖరికి బస్సుక్కూడా ఊపడం లేదు, వెంటపడి ఎక్కుతున్నాను.