డైరీలో కొట్టేసిన మాట

నిన్న సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర నేనెక్కిన ఆటో చాలాసేపు ఆగిపోయింది. ఒళ్ళో దిద్దాల్సిన పేపర్ల కట్ట, తలలో రోజంతా విన్న పిల్లల రొద. పక్కనుంచి గజ్జెల చప్పుడుతో పాటు గుర్రపు చెమట వాసన వచ్చింది. పెళ్ళి ఊరేగింపుకి నడిపించుకెళ్తున్న గుర్రం అది. పాపం, నాకంటే అలిసిపోయినట్టుంది. దాన్ని చూస్తే మా రహీమున్నీసా టీచర్ గుర్తొచ్చారు.

పామర్రులో ఏడో తరగతికి ఇంగ్లీషు చెప్పేవారావిడ. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం కంచు. నేనేమో బెంచీ మీద కుదురుగా కూర్చున్న పాపాన పోయేదాన్ని కాదు. ఒకరోజు విసిగిపోయి నా డైరీలో ఎర్రసిరాతో ‘హార్సింగ్ అరౌండ్’ అని రాశారు. మా నాన్నకి ఇంగ్లీషు రాదు. మర్నాడు పాలకేంద్రంలో పాలు పోసి, నన్ను వెంటబెట్టుకుని నేరుగా క్లాసుకే వచ్చాడు.

“ఇంగ్లీషులో రాసేంత తప్పు చేసిందంటే ఇక చాలండీ. రేపట్నించి మానిపించేస్తా. గేదెల దగ్గర పనికొస్తది,” అన్నాడు. నాన్న అన్నాడంటే అన్నంత పనీ చేస్తాడు.

టీచర్ కంగారుపడ్డారు. “అయ్యో, అంత మాటేం కాదండీ! ఆటలెక్కువయ్యాయని రాశాను. మనం కోతిచేష్టలు అనమూ, అలాగ. ఆ ఇంగ్లీషువాళ్ళ పల్లెల్లో పూర్వం ఎక్కడ చూసినా గుర్రాలేనంట. కట్టు విప్పితే పిల్లగుర్రాలు తోసుకుంటా, కరుచుకుంటా ఆడతాయి కదండీ. అందుకే మొరటాటకి వాటి పేరు పెట్టుకున్నారు.”

నాన్న తలూపాడు. “మా దూడలూ అంతేనండీ. విప్పితే చెంగుచెంగున దూకుతాయి. దూకని దూడని చూస్తేనే మాకు భయం. డాక్టరు గారి కోసం పరిగెత్తాల,” అని ఆగి, “మరి దీన్ని తప్పని ఎందుకు రాశారండీ?” అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగా తెలియకే అడిగాడు.

టీచర్ డైరీ తీసుకుని ఆ మాట కొట్టేసి, పక్కన సంతకం పెట్టారు. “తప్పు నాదేనండీ. నిన్న బాగా అలిసిపోయి ఉన్నాను,” అన్నారు. క్లాసంతా చూస్తూనే ఉంది. నాన్న నన్ను బెంచీలో కూర్చోబెట్టి వెళ్ళిపోయాడు. ఆవిడంటే నాకు ప్రాణం అయిపోయింది ఆ రోజే.

ఇప్పుడు నేనూ ఇంగ్లీషు టీచర్నే, గవర్నర్‌పేటలో. పిల్లల డైరీలో ఏదైనా రాసేముందు, ఈ మాటని వాళ్ళ నాన్న ఎదుట నిలబడి విప్పి చెప్పగలనా అని నన్ను నేను అడుగుతాను. చాలాసార్లు పెన్ను మూసేస్తాను. మూయని రోజులూ ఉన్నాయి. ఒళ్ళు హూనమై, విసుగులో రాసేసినవి ఎన్నో. రాసిన మర్నాడే తప్పని తెలిసినవీ ఉన్నాయి. ఒక్కదాన్ని కూడా కొట్టేసి, పక్కన సంతకం పెట్టలేకపోయాను.